డిస్నీల్యాండ్ పక్కన ఇళ్ళు కడితే: నోటీసు వచ్చిన కుటుంబాల కోసం



ఈ మధ్య శనివారం పూజ అయ్యాక భోజనాల హాలులో తరచుగా వినిపిస్తున్న మాట "నోటీసు". అనహైమ్‌లోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఉంటున్న మన సభ్యుల్లో కొందరికి, దగ్గరలో అపార్ట్‌మెంట్లు కట్టడం గురించి పబ్లిక్ హియరింగ్ ఉందంటూ పోస్టులో కార్డులు వచ్చాయి. "ఇది మనకు మంచిదా, చెడ్డదా? పక్కింటాయన సంతకం పెట్టమంటున్నాడు, పెట్టాలా వద్దా?" అని అడిగినవాళ్ళు ఇద్దరు ముగ్గురు కాదు. ఈ విషయంలో మన సంఘం ఏ పక్షమూ తీసుకోవడం లేదు. ఈ వ్యాసం రాస్తున్నది దేవాలయం వెబ్‌సైట్ పనులు చూసే వాలంటీర్లం. మేము లాయర్లం కాము, ఇళ్ళు అమ్మేవాళ్ళమూ కాము. వందల పేజీల డాక్యుమెంట్లు ఓపికగా చదవడం మా ఉద్యోగంలో భాగం. ఆ అలవాటుతోనే అనహైమ్ కథను చదివి, మాకు అర్థమైనంత ఇక్కడ రాస్తున్నాం.

ఒక థీమ్ పార్కు పక్కన ఇళ్ళు కట్టాలంటే ఇంత గొడవ ఎందుకు? దానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి. డిస్నీల్యాండ్ 1955 జూలై 17న తెరిచారు. అంతకు ముందు అక్కడ ఉన్నవి నారింజ తోటలు. వాల్ట్ డిస్నీ కొన్నది సుమారు 160 ఎకరాలు. పార్కు తెరిచీ తెరవగానే చుట్టూ మోటళ్ళు, తినుబండారాల దుకాణాలు, ఆ వెనకే ఇళ్ళు పుట్టుకొచ్చాయి. చుట్టూ ఏం కట్టాలో చెప్పే అధికారం ఆయన చేతిలో లేదు. ఆ అనుభవంతోనే ఫ్లోరిడాలో రెండో పార్కు అనుకున్నప్పుడు కంపెనీ ఏకంగా 27,000 ఎకరాలకు పైగా కొనేసింది. అందుకే ఓర్లాండోలో పార్కుకూ పొరుగువాళ్ళకూ మధ్య మైళ్ళ కొద్దీ ఖాళీ ఉంటుంది. ఇక్కడ అలా కాదు. పడమటి వైపు వాల్నట్ స్ట్రీట్‌కు ఒక పక్క రిసార్ట్, ఇంకో పక్క మామూలు కుటుంబాల ఇళ్ళు. రాత్రి బాణసంచా మోగితే ఆ ఇళ్ళలో పసిపిల్లలు లేస్తారు.

1994లో నగరం ఈ ప్రాంతానికి ఒక ప్రత్యేక ప్రణాళిక చేసింది. అనహైమ్ రిసార్ట్ అని పేరు పెట్టి, దాదాపు 1,100 ఎకరాల్లో హోటళ్ళు, రెస్టారెంట్లు, పర్యాటకులకు పనికివచ్చేవే ఉండాలని రాసుకున్నారు. చెట్లు, బోర్డుల ఎత్తు, విద్యుత్ తీగలు భూమి లోపల వేయడం వరకు అన్నీ అందులో ఉన్నాయి. ఇప్పుడు హార్బర్ బులెవార్డ్ మీద మనం చూసే శుభ్రత ఆ ప్రణాళిక ఫలితమే. అయితే ఇళ్ళకు అందులో చోటు దాదాపు లేదు.

నగరం హోటళ్ళనే ఎందుకు కోరుకుంటుంది? చిన్న లెక్క వేద్దాం. అనహైమ్‌లో హోటల్ గది మీద పన్ను 15 శాతం. రాత్రికి 200 డాలర్ల గది ఏడాదిలో 250 రాత్రులు నిండిందనుకుంటే, ఆ ఒక్క గది నుంచే నగరానికి 7,500 డాలర్లు వస్తాయి. 8 లక్షల డాలర్ల కాండో కొన్నవాళ్ళు కట్టే ఆస్తిపన్ను ఏడాదికి మొత్తం 8,000 పైచిలుకు. దాంట్లో స్కూళ్ళకు, కౌంటీకి పోగా నగరానికి దక్కేది చిన్న వాటా. పైగా 1978లో వచ్చిన ప్రపోజిషన్ 13 ప్రకారం ఆ ఇంటి పన్ను విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. గదిలో దిగిన అతిథి పిల్లలకు బడి అక్కర్లేదు, లైబ్రరీ అక్కర్లేదు. ఇంట్లో ఉన్న కుటుంబానికి అన్నీ కావాలి. కాబట్టి నగరం ఖజానా వైపు నుంచి చూస్తే హోటలు లాభం, ఇల్లు ఖర్చు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. పన్నుల ఏర్పాటే అలా ఉంది. కానీ ఆ గదిలో పక్క సర్దే మనిషి ఎక్కడ పడుకుంటుంది అన్న ప్రశ్న ఈ లెక్కలో ఏ గడిలోనూ కనిపించదు. మన తిరుపతి తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. కొండ మీద వసతి భక్తులకు, అక్కడ పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది కొండ కింద నుంచి రోజూ బస్సెక్కి వెళ్ళాలి. అక్కడ కొండ కింద ఊరుంది. ఇక్కడ అద్దె తట్టుకోలేనివాళ్ళు రివర్‌సైడ్ కౌంటీ నుంచి 91 ఫ్రీవే మీద రావాలి.

ఈ ప్రశ్న బహిరంగంగా పేలింది 2007లో. సన్‌కాల్ అనే డెవలపర్ కటెల్లా అవెన్యూ, హేస్టర్ స్ట్రీట్ దగ్గర, అంటే రిసార్ట్ ప్రాంతం లోపల, సుమారు 26 ఎకరాల్లో 1,500 ఇళ్ళు కడతామని వచ్చింది. వాటిలో 225 తక్కువ ఆదాయం వాళ్ళకు అద్దెకిచ్చేవి. డిస్నీ గట్టిగా వ్యతిరేకించింది. పర్యాటకం కోసం కేటాయించిన స్థలంలో ఒకసారి ఇళ్ళకు దారి ఇస్తే మొత్తం ప్రణాళికే కరిగిపోతుందని వాళ్ళ వాదన. ఇళ్ళ పక్షాన నిలిచినవాళ్ళు, పార్కులో పనిచేసేవాళ్ళు నడిచి వెళ్ళగలిగే దూరంలో ఇల్లు ఉండకూడదా అని అడిగారు. నగర కౌన్సిల్ 3–2 తేడాతో ఇళ్ళకు అనుకూలంగా ఓటేసింది. డిస్నీ కోర్టుకెక్కింది. రిసార్ట్‌ను కాపాడాలంటూ ఒక కూటమి ఏర్పడి, విషయాన్ని ఓటర్ల ముందు పెట్టాలని వేల సంతకాలు సేకరించింది. చివరికి ఆ 1,500 ఇళ్ళ ప్రాజెక్టు నిలబడలేదు.

ఆ గొడవ గురించి చదువుతుంటే మాకు ఒకటి తోచింది. రెండు పక్షాలూ మాట్లాడింది పనివాళ్ళ గురించి, ఊరి గురించి. కాగితం మీద చూస్తే 1,500లో 225 అంటే 15 శాతం. మిగతా 1,275 ఇళ్ళు మార్కెట్ ధరకే. అది తప్పని అనడం లేదు. మార్కెట్ ఇళ్ళ లాభంతోనే తక్కువ అద్దె ఇళ్ళ ఖర్చు సర్దుబాటు అవుతుంది, డెవలపర్లందరూ వేసే లెక్క అదే. కానీ "పనివాళ్ళ ఇళ్ళు" అని పోస్టర్ మీద చూసినప్పుడు లోపల ఆ సంఖ్య ఎంతో వెతకాలి. అలాగే "మన ఊరిని కాపాడుకుందాం" అన్న పోస్టర్ చూసినప్పుడు దాని ఖర్చు ఎవరు పెట్టుకున్నారో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదీ చదవాలి.

ఆ తర్వాత పదకొండేళ్ళకు, 2018లో, డిస్నీల్యాండ్ ఉద్యోగుల మీద ఒక సర్వే వచ్చింది. కార్మిక సంఘాల కూటమి కోరగా ఆక్సిడెంటల్ కాలేజీ పరిశోధకులు మరో పరిశోధన సంస్థతో కలిసి చేశారు. సంఘాలు చేయించాయి కాబట్టి ఆ సంగతి మనసులో పెట్టుకునే చదవాలి. అయినా అందులో నిద్రపట్టనివ్వని అంకెలున్నాయి. జవాబిచ్చినవాళ్ళలో 73 శాతం మంది, జీతం నెలవారీ కనీస ఖర్చులకు సరిపోవడం లేదన్నారు. 11 శాతం మంది గత రెండేళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు సొంతమని చెప్పుకునే నిద్ర చోటు లేకుండా గడిపామన్నారు. ఆ ఏడాదే నవంబరులో అనహైమ్ ఓటర్లు మెజర్ ఎల్‌ను గెలిపించారు. నగరం నుంచి రాయితీలు పొందే రిసార్ట్ యజమానులు 2019 నుంచి గంటకు 15 డాలర్లు ఇవ్వాలి, ఏటా ఒక డాలరు పెంచుతూ 2022కు 18 చేయాలి. ఇది డిస్నీకి వర్తిస్తుందా లేదా అన్న వాదన సాగి, వర్తిస్తుందని 2023లో అప్పీళ్ళ కోర్టు తేల్చింది. ఇళ్ళ సమస్యకు ఇళ్ళే కాదు, జీతం కూడా ఒక జవాబేనన్న మాట. అది వచ్చింది ప్లానింగ్ కమిషన్ గదిలోంచి కాదు, బ్యాలెట్ పెట్టెలోంచి.

ఇక ఈ మధ్య సంగతి. 2024 వసంతంలో నగర కౌన్సిల్ డిస్నీల్యాండ్‌ఫార్వర్డ్ ప్రణాళికను ఏకగ్రీవంగా ఆమోదించింది. డిస్నీకి కొత్త భూమి ఏమీ రాలేదు. తమకున్న స్థలంలోనే హోటళ్ళు, ఆకర్షణలు, దుకాణాలు ఎక్కడ ఏవి పెట్టుకోవాలో మార్చుకునే స్వేచ్ఛ వచ్చింది. బదులుగా పదేళ్ళలో కనీసం 190 కోట్ల డాలర్ల పెట్టుబడి పెడతామని, తక్కువ అద్దె ఇళ్ళ కోసం నగరానికి 3 కోట్లు, రోడ్లు, రవాణాకు 4.5 కోట్లు, పార్కులకు 80 లక్షలు ఇస్తామని ఒప్పుకుంది. మ్యాజిక్ వేతో సహా కొన్ని వీధి భాగాలను సుమారు 4 కోట్లకు నగరం దగ్గర కొనుక్కోవడం కూడా ఇందులో ఉంది.

సంతులనం అంటే ఏమిటో చూడాలంటే మా ఉద్దేశంలో ఈ ఒప్పందాన్ని చూడాలి. 3 కోట్ల డాలర్లు వినడానికి పెద్ద మొత్తం. కానీ కాలిఫోర్నియాలో సబ్సిడీ అపార్ట్‌మెంటు ఒక్కటి కట్టాలంటే 5 లక్షలు దాటడం మామూలే. పూర్తి ఖర్చు పెట్టి కడితే 60 ఇళ్ళు కూడా రావు. నిజానికి ఆ డబ్బును అలా వాడరు. పన్ను రాయితీలు, రాష్ట్ర నిధులు, బ్యాంకు అప్పు కలిపాక మిగిలే లోటు పూడ్చడానికి వాడతారు, అప్పుడు దానికి కొన్ని రెట్ల ఇళ్ళు వస్తాయి. మరోవైపు రాష్ట్రం 2021 నుంచి 2029 లోపు అనహైమ్ చోటు చూపించాలని చెప్పిన ఇళ్ళ సంఖ్య 17,453. అందులో అతి తక్కువ ఆదాయం వాళ్ళకు 3,767, తక్కువ ఆదాయం వాళ్ళకు 2,397. ఈ అంకెల పక్కన పెడితే 3 కోట్లు సముద్రంలో కాకిరెట్టే. అయినా సున్నా కన్నా నయం, ఎందుకంటే అది ఒప్పందంలో రాసి ఉంది. రాసి ఉన్నదాన్ని నగరం అడిగి వసూలు చేయగలదు. మీటింగులో నవ్వుతూ ఇచ్చిన మాటను అడిగే దారి లేదు.

ఒప్పందాలు ఎప్పటికీ అలాగే ఉంటాయనీ కాదు. 2015లో నగరం 3–2 ఓటుతో, ప్రవేశ టికెట్ల మీద పన్ను వేయబోమని డిస్నీకి దశాబ్దాల హామీ ఇచ్చింది. ఊళ్ళో వ్యతిరేకత పెరిగాక 2018లో డిస్నీయే ఆ ఒప్పందాన్నీ, ఒక కొత్త హోటలుకు రావలసిన రాయితీనీ రద్దు చేయమని అడిగింది. నగరం రద్దు చేసింది.

ఇప్పుడు మీ ఇంటికొచ్చిన కార్డు సంగతికి వద్దాం. రాష్ట్ర చట్టం ప్రకారం ఇలాంటి నోటీసు తప్పనిసరిగా పంపాల్సింది 300 అడుగుల లోపు ఉన్న ఆస్తుల యజమానులకు. కొన్ని నగరాలు ఇంకా ఎక్కువ దూరం పంపుతాయి. ఇక్కడ "యజమానులకు" అన్న మాట చూడండి. ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ళకు పంపాలన్న నియమం అందులో లేదు. రేపు ఆ కొత్త అపార్ట్‌మెంట్లలో ఉండబోయేవాళ్ళకు అసలు అడ్రసే లేదు, కార్డు ఎక్కడికి పంపుతారు? అందుకే హియరింగుకు వెళితే గదిలో ఇళ్ళున్నవాళ్ళే ఎక్కువగా కనిపిస్తారు. మన సభ్యుల్లో వీసా మీద వచ్చి అద్దెకుంటున్న యువ జంటలు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒక్కరికీ కార్డు వచ్చినట్టు మేము వినలేదు.

నిజానికి మన హాలులోనే అన్ని పక్షాలూ ఉన్నాయి. ముప్పై ఏళ్ళ కింద ఇల్లు కొని, ఇప్పుడు వీధిలో పార్కింగు దొరకదేమోనని బెంగపడే పెద్దాయన ఒక బల్ల దగ్గర కూర్చుంటారు. జీతంలో సగం దాకా అద్దెకే కట్టే అబ్బాయి ఆయనకు సాంబారు వడ్డిస్తూ ఉంటాడు. హోటల్ ఫ్రంట్ డెస్కులో పనిచేసే ఆవిడ, ఒక కాండో కొని అద్దెకిచ్చిన దంపతులు, పిల్లల కోసం ఏటా పార్కు పాస్ తీసుకునేవాళ్ళు అందరూ అదే వరుసలో నిలబడతారు. కాండో అద్దెకిచ్చినవాళ్ళకు కొత్త ఇళ్ళు వస్తే అద్దె తగ్గుతుందేమోనన్న భయం సహజం. ఆ భయాన్ని "ట్రాఫిక్" అన్న పేరుతో చెప్పుకోకపోతే చాలు.

ట్రాఫిక్ మాట వచ్చింది కాబట్టి, అభ్యంతరం రాసే ముందు కొన్ని నియమాలు తెలిస్తే మీ శ్రమ వృథా కాదు. పర్యావరణ నివేదికల్లో ట్రాఫిక్‌ను కొలిచే పద్ధతి 2020 జూలై నుంచి రాష్ట్రమంతటా మారింది. సిగ్నల్ దగ్గర ఎన్ని సెకన్లు ఆగుతాం అన్నది ఇప్పుడు పర్యావరణ నష్టం కింద లెక్కకు రాదు. జనం మొత్తం ఎన్ని మైళ్ళు కారు నడుపుతారు అన్నదే లెక్క. ఆ లెక్కలో పని దగ్గర కట్టిన ఇల్లు నష్టం కాదు, మేలు. రైలు స్టేషను, తరచుగా బస్సులు కలిసే కూడలి లాంటి పెద్ద రవాణా కేంద్రానికి అర మైలు లోపు ప్రాజెక్టయితే, ఇన్ని కార్లకు చోటుండాలని నగరం ఒత్తిడి చేయడం 2023 నుంచి చాలావరకు కుదరదు. నగరం రాసుకున్న స్పష్టమైన కొలతలకు సరిపోయిన ఇళ్ళ ప్రాజెక్టును "మా వీధి అందానికి తగదు" అని తిరస్కరించడం కూడా రాష్ట్ర చట్టం కింద చాలా కష్టం. 2025 జూన్ 30న గవర్నరు సంతకం చేసిన చట్టంతో, ఊరి మధ్యలో కట్టే చాలా ఇళ్ళ ప్రాజెక్టులకు పర్యావరణ నివేదికే అవసరం లేకుండా పోయింది. దీన్ని మెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు, పొరుగువాళ్ళ గొంతు నొక్కారనేవాళ్ళూ ఉన్నారు. మా మధ్యే ఏకాభిప్రాయం లేదు.

మరైతే రాయడానికి ఏం మిగిలింది? చాలానే ఉంది. "వద్దు" అన్న ఒక్క మాటకు బరువు తగ్గింది గానీ, "ఇలా చేయండి" అన్న వాక్యానికి ఇంకా విలువ ఉంది. బాణసంచా వినిపించే దూరంలో అయితే పడకగదులకు రెండు పొరల అద్దాల కిటికీలు అడగవచ్చు. కాంక్రీటు లారీలు ఉదయం ఏ వీధి మీదుగా వస్తాయి, బడి పిల్లలు నడిచే సమయంలో ఆగుతాయా అని అడగవచ్చు. తక్కువ అద్దె ఇళ్ళు ఎన్ని, ఎంత ఆదాయం వరకు, ఎన్నేళ్ళ పాటు అన్నవి అంకెల్లో రాయమని అడగవచ్చు. ఈ మూడో ప్రశ్న చాలామంది మరచిపోతారు. గడువు తీరిన తర్వాత ఆ ఇళ్ళూ మార్కెట్ అద్దెకే వెళ్ళిపోతాయి. పూర్తి పర్యావరణ నివేదిక తయారవుతున్న ప్రాజెక్టయితే, గడువు లోపల మీరు రాసే ఉత్తరానికి తుది నివేదికలో లిఖితపూర్వకంగా జవాబివ్వడం నగరం బాధ్యత. ఫోనులో ఫిర్యాదు చేస్తే ఆ హక్కు ఉండదు.

ఇంటి ముందుకు సంతకాల కోసం వచ్చేవాళ్ళలో కొందరు సంతకానికి ఇంత అని డబ్బు తీసుకుని తిరుగుతారు. మన రాష్ట్రంలో అది చట్టబద్ధమే. వాళ్ళు నోటితో చెప్పేది కాకుండా కాగితం పైన అచ్చయిన శీర్షిక, సారాంశం చదివి అప్పుడు పెట్టండి. ఇంగ్లీషు ఇబ్బందిగా ఉన్న అమ్మమ్మలు, తాతయ్యలు అక్కడికక్కడే సంతకం పెట్టనక్కర్లేదు, మళ్ళీ రమ్మనండి. సిటిజన్‌షిప్ లేనివాళ్ళు ఇలాంటి ఎన్నికల పిటిషన్ల మీద అసలు సంతకం పెట్టకూడదు. హియరింగులో మాట్లాడటానికి మాత్రం సిటిజన్‌షిప్ అక్కర్లేదు.

ఫ్లోరిడాలో బంధువులున్నవాళ్ళు అక్కడి సంగతి అడిగారు. 2022 ఏప్రిల్‌లో డిస్నీ ఓర్లాండో దగ్గర తన సొంత భూమి సుమారు 80 ఎకరాలు ఇచ్చి, 1,300కు పైగా తక్కువ అద్దె ఇళ్ళు కట్టిస్తామని ప్రకటించింది. పదిహేనేళ్ళ కింద ఇక్కడ ఇళ్ళు వద్దన్న కంపెనీ అక్కడ తానే ఇళ్ళంటోంది. అక్కడ అభ్యంతరం చెప్పింది చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు. బడుల్లో చోటు లేదని, రోడ్లు చాలవని వాళ్ళ బాధ. భూమి ఎవరిది, ఎవరు ముందొచ్చారు అన్నదాన్ని బట్టి అదే మనిషి, అదే కంపెనీ వేరే కుర్చీలో కూర్చుంటారు.

ఆ కుర్చీ రేపు మన దేవాలయానిది కూడా కావచ్చు. 2024 జనవరి 1 నుంచి అమలులో ఉన్న ఒక రాష్ట్ర చట్టం ప్రకారం, అప్పటికే మత సంస్థల పేరున ఉన్న భూమిలో తక్కువ అద్దె ఇళ్ళు కట్టాలంటే, షరతులకు సరిపోతే చాలు, జోనింగ్ మార్చమని నగరాన్ని బతిమాలనక్కర్లేదు. ఇది మన బోర్డు ముందుకు రాలేదు, మేమూ ప్రతిపాదించడం లేదు. పండుగ రోజున పొరుగు వీధుల్లో మన కార్లు నిండినప్పుడు ఆ వీధివాళ్ళు మన గురించి నగరానికి ఏం రాస్తారో మాత్రం మీకు తెలుసు.

నగర కౌన్సిల్ మామూలు సమావేశం అజెండా కనీసం 72 గంటల ముందు బయట పెట్టాలి. అందులో మీ కార్డు మీదున్న ప్రాజెక్టు నంబరు వెతకండి. మాట్లాడటానికి ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలే దొరుకుతుంది కాబట్టి ఒకే విషయం తీసుకుని, ముందే కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఉత్తరం రాయడానికి, నివేదికలో మీ వీధి గురించి ఉన్న పేజీ వెతకడానికి సాయం కావాలంటే శనివారం భోజనాల సమయంలో వాలంటీర్ల బల్ల దగ్గర మేము ఉంటాం. వచ్చేటప్పుడు కార్డు తీసుకురండి. కార్డు వెనక వైపు అడుగున చిన్న అక్షరాల్లో ఉత్తరాల గడువు తేదీ ఉంటుంది, మొదట అది చూసుకోండి.